దూరానికి తుపాకి... దగ్గరికి వేపచెక్క!

*చారిత్రక సినిమాలు వరుసగా వస్తున్న కొద్దీ పాత తుపాకుల నకళ్లు ఇంట్లోనే చేసుకోవడం కుర్రకారుకు కొత్త సరదా అయింది. ఫోన్ తెరిస్తే అవే వీడియోలు. పల్నాడులో మాత్రం ఈ పని రీళ్లతో మొదలు కాలేదు. నాటకాల కోసం, బడి వార్షికోత్సవాల కోసం, వీరుల తిరునాళ్ల కోసం ఇక్కడ ఉత్తుత్తి ఆయుధాలు ఎప్పటి నుంచో తయారవుతున్నాయి. వాటిని సరిగ్గా చేయాలంటే ఉలి పట్టడం వస్తే చాలదు, చరిత్ర కూడా తెలియాలి.*

"గొట్టం ఇంత లావుంటే తుపాకి అనరు మాస్టారూ, బోరుపైపు అంటారు!"

గురజాల రోడ్డు పక్కన ఓ వడ్రంగి షెడ్డు. వాకిట్లో మంచం పట్టెలు, సగం చిత్రిక పట్టిన దర్వాజా చెక్కలు. వాటి నడుమ బల్ల మీద పొడవాటి వేప పలక. దాని మీద అట్టముక్క పెట్టి పెన్సిల్‌తో గీసిన గీత కనిపిస్తోంది. ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం, మధ్యలో చెయ్యి ఇమిడేంత వంపు. చెవి వెనక పెన్సిల్ దోపుకున్న మేస్త్రి, హైస్కూలు మాస్టారు తెచ్చిన ప్లాస్టిక్ పైపును చేత్తో తిప్పి చూసి పక్కన పడేశాడు. తర్వాత మాస్టారి ఫోను అందుకుని అందులోని బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేశాడు.

"ఇది ఏ కాలం తుపాకండీ?"

"బ్రిటిష్ వాళ్ల కాలం బాబాయ్."

"వాళ్లు రెండొందల ఏళ్లు ఉన్నారు గదా. అందులో ఎప్పటిదీ అని."

మాస్టారు తడుముకున్నాడు. ఆయన వేయించబోయే నాటకం కన్నెగంటి హనుమంతు. ఫోనులో ఉన్నదేమో ఏదో సినిమా సెట్టు మీద తీసిన ఫొటో. అందులోని తుపాకికి పక్కన చెకుముకి రాయి బిగించే కొక్కెం ఉంది. ఆ రకం తుపాకులు హనుమంతు పుట్టక ముందే సైన్యం నుంచి పోయాయి. అలాంటిది 1922 నాటి పోలీసు చేతిలో పెడితే, ఇప్పటి హెడ్ కానిస్టేబుల్ నడుముకు కరవాలం కట్టినంత అసందర్భం. ప్రేక్షకుల్లో తొంభై మందికి అది పట్టకపోవచ్చు. పట్టిన పది మందికి మాత్రం ఆ తర్వాత నాటకం కనపడదు, ఆ తుపాకే కనపడుతుంది.

ఇంట్లో పాత తుపాకి నకలు చేయడంలో అసలు కష్టం ఇక్కడుంది. చెక్క కోయడం చాలామందికి వచ్చు. ఆ చెక్క ఏ ఏడాదిదో, ఎవరి చేతిలోదో తేల్చుకోవడమే పెద్ద పని.

పుల్లరి కథలో తుపాకి ఎవరిది?

నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అంతకు ముందటి పల్నాడును ఊహించుకోవాలంటే మాగాణిని మరిచిపోవాలి. నాపరాళ్లు, మెట్ట చేలు, పశువులు, పక్కనే నల్లమల అడవి. గొడ్డు మేస్తేనే ఇల్లు గడిచే రోజులు. ఆ మేతకు సర్కారు వేసిన పన్ను పేరు పుల్లరి. పన్ను కట్టకుండా అడవిలోకి పశువును తోలితే బందెలదొడ్డిలో పెట్టేవారు.

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం పల్నాడుకు చేరినప్పుడు జనం పట్టుకున్నది ఈ పుల్లరినే. పన్ను కట్టకుండా పశువుల్ని అడవికి తోలారు. అధికారులకు సాంఘిక బహిష్కారం పెట్టారు. ఇక్కడి అటవీ సత్యాగ్రహంలో పాల్గొన్నందుకే ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్లారు. తెలుగు పాఠకులు ఇప్పటికీ చదువుతున్న 'మాలపల్లి' ఆ జైలు జీవితంలోనే పుట్టింది.

మాచర్ల ప్రాంతంలోని మించాలపాడులో ఈ పోరాటానికి ముందు నిలిచిన రైతు కన్నెగంటి హనుమంతు. చౌరీచౌరా ఘటన జరిగింది 1922 ఫిబ్రవరి 4న. ఆ తర్వాత వారానికే గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశారు. పల్నాడులో మాత్రం పుల్లరి గొడవ చల్లారలేదు. ఫిబ్రవరి 22న పోలీసు కాల్పుల్లో హనుమంతు నేలకొరిగాడు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజును అణచడానికి ప్రత్యేక కమిషనరుగా వెళ్లిందీ ఆయనే.

ఇప్పుడు రంగస్థలం మీదికి వద్దాం. హనుమంతు నాటకంలో తుపాకి ఉండాల్సింది ఎవరి చేతిలో? పోలీసు చేతిలో. రైతుల చేతుల్లో కర్రలు, గొడ్డళ్లు, బరిసెలు. ఇది దర్శకుడి ఇష్టాయిష్టాల సంగతి కాదు. వైస్రాయి లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు లేకుండా తుపాకి దక్కకుండా చేసింది. తెల్లవాళ్లకు ఆ బెడద లేదు. అంటే మించాలపాడు నాటికే ఈ దేశపు రైతు చేతి నుంచి తుపాకి పోయి నలభై ఏళ్లు దాటింది. అందుకే, హనుమంతు చేతిలో తుపాకి పెట్టి 'వీరుడిలా కనిపిస్తాడు' అనే కుర్ర దర్శకులతో నాకు పేచీ. తుపాకి లేకుండా ఎదురు నిలిచిన మనిషికి తుపాకి ఇస్తే ఆయన స్థాయి పెరగదు, తగ్గుతుంది.

మన్యం కథ వేరు. సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది ప్రధానంగా తుపాకుల కోసమే. హనుమంతు చనిపోయి అప్పటికి సరిగ్గా ఆరు నెలలు. ఇంకో కాకతాళీయం ఏమిటంటే, రేనాటి సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది కూడా ఫిబ్రవరి 22నే, 1847లో. హనుమంతుకు సరిగ్గా 75 ఏళ్ల ముందు. కొన్ని బడుల్లో ఈ ఇద్దరి ఏకపాత్రలూ ఒకే సభలో వేయిస్తారు. రెండింటికీ ఒకే తుపాకి వాడేస్తారు. ఆ 75 ఏళ్లలో తుపాకి నాలుగు తరాలు మారింది.

---

■ ఏ కథకు ఏ తుపాకి?

బ్రౌన్ బెస్: ఈస్టిండియా కంపెనీ సిపాయి చేతి తుపాకి. చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలుతుంది. 'ఇండియా పాటర్న్' రకానికి గొట్టమే 39 అంగుళాలు, మొత్తం పొడవు 55 అంగుళాల పైమాటే. గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరాలి. నరసింహారెడ్డి కథకు ఈ రూపం నప్పుతుంది.

1853 ఎన్‌ఫీల్డ్: 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన కొవ్వు తూటాల తుపాకి ఇదే. పొడవు ఇంచుమించు అంతే. చెకుముకి రాయి బదులు చిన్న రాగి టోపీ, దాని మీద పడే సుత్తి ఉంటాయి.

మార్టినీ-హెన్రీ: 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. పక్కన సుత్తి ఉండదు, మీట కింద పొడవాటి లివరు వేలాడుతుంది. ఒకసారికి ఒకే తూటా. సైన్యం వదిలేసిన మార్టినీలు సామ్రాజ్యమంతటా పోలీసు బలగాలకు చేరాయి.

లీ-ఎన్‌ఫీల్డ్: 1904లో వచ్చిన పొట్టి రకం 44 అంగుళాల పైచిలుకు. పది తూటాల పెట్టె, కుడి పక్క గుండ్రటి తల ఉన్న బోల్టు. మన దగ్గర పశ్చిమబెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైంది. 'పాత పోలీసు తుపాకి' అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఇదే.

---

చెక్కలో తుపాకి

మళ్లీ షెడ్డుకు వద్దాం. చివరికి తేలిందేమిటంటే, పోలీసులకు మార్టినీ రకం. లివరు ఒక్కటి కనిపిస్తే చాలు, చూసేవాడికి 'పాతది' అని అర్థమవుతుంది. పొడవు 49 అంగుళాలు.

"తొమ్మిదో క్లాసు పిల్లకాయలు మోయాల. మరీ ఇంత పొడుగా?" అన్నాడు మేస్త్రి. అసలు తుపాకి నాలుగు కిలోలకు దగ్గరగా ఉంటుంది. నకలు అందులో సగం కూడా ఉండకూడదు. మరీ తేలికైతే ఇంకో తంటా. పిల్లలు చీపురుకట్ట తిప్పినట్టు తిప్పేస్తారు. బరువు లేని వస్తువును బరువుగా పట్టుకోవడం పెద్ద నటులకే కష్టం. అందుకని బట్టు భాగాన్ని తొలచకుండా గట్టి చెక్కగానే వదిలేస్తే, బరువు వెనక్కి పడి భుజానికి సహజంగా ఆనుతుంది.

ఇంగ్లండులో తుపాకి బట్టుకు వాల్‌నట్ చెక్క వాడేవారు. ఇక్కడ టేకు ఉన్నా, స్కూలు నాటకానికి అంత ధర పెట్టేవాళ్లు లేరు. మామిడి మెత్తన, త్వరగా కోతకు లొంగుతుంది కానీ అంచులు పెళుసు. వేప మధ్యస్థం. ఇంటి దూలాల్లో మిగిలిన ముక్కలే చాలు. పైగా పురుగు పట్టదు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు ఎలా కుదిరాయో, పల్నాడు నాటకం తుపాకికి వేప అలా కుదిరిందని నా లెక్క. శాస్త్రం అడగొద్దు.

అట్టముక్క గీత ప్రకారం రంపంతో కోత. తర్వాత బాడిసతో మోటుగా చెక్కడం. చేయి పట్టే వంపు దగ్గర మాత్రం మేస్త్రి బాడిస పక్కన పెట్టి ఆకురాయి తీశాడు. పైనుంచి కిందికి రెండు సార్లు రాకడం, బొటనవేలితో తడమడం, మళ్లీ రాకడం. చెక్క పొట్టు ముంజేతి వెంట్రుకల మీద పిండిలా పేరుకుంది. "ఇక్కడ ఎత్తు ఎక్కువైతే పిల్లోడికి మీట అందదు" అంటూ పక్కనే గోలీసోడా తాగుతున్న ఏడో తరగతి మనవడిని పిలిచి పట్టుకోమన్నాడు. వాడి వేలు అందిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. మీట అక్కడే వచ్చింది, పుస్తకంలో ఉన్న చోట కాదు. కొలతల పిచ్చోళ్లకు ఇది నచ్చదు. నాకు మాత్రం ఇదే సరైన పని అనిపించింది. నకలు ఎవరి కోసమో మేస్త్రికి తెలుసు.

గొట్టానికి ఇనప పైపు వాడకూడదు. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో వేయాల్సింది. చెక్క రూళ్లకర్రో, సన్నటి పీవీసీ పైపో వాడి, పైపు లోపల చివరి దాకా చెక్కపుల్ల దిగ్గొట్టి ఫెవికాల్‌తో మూసేస్తే, ఎవరు ఏం చేసినా అది ఎప్పటికీ ఆయుధం కాదు. మూతి దగ్గర అర అంగుళం లోతు మాత్రం వదిలి లోపల నల్లరంగు పూస్తే, మూడో వరుసకే అది నిజం గొట్టంలా కనిపిస్తుంది. లివరుకు అట్ట మీద ఎంసీల్ పూత. మీట కదలదు, లివరు కదలదు, అన్నీ అతుకులే. కదిలే భాగం ఉంటే పిల్లలు దాన్ని విరగ్గొట్టే దాకా నిద్రపోరు.

చెక్క గరుకు పోయే దాకా ఉప్పుకాగితం, పగుళ్లలో లప్పం, ఆపైన రంగు. అందరూ తప్పుచేసేది ఇక్కడే. గొట్టానికి తళతళలాడే వెండి రంగు కొట్టేస్తారు. స్టేజీ లైటు పడగానే అది స్టీలు గ్లాసైపోతుంది. ముందు మట్టినలుపు పూసి, ఆరాక, దాదాపు ఆరిపోయిన కుంచెతో అంచుల మీద మాత్రమే వెండి రంగు తాకించాలి. చేతులు ఎక్కువ తగిలే చోట లోహం అరిగి మెరుస్తుంది కదా, అక్కడే ఆ మెరుపు ఉండాలి. బట్టుకు చిక్కటి టీ డికాషను రెండు పూతలు పూసి, పైన మెరుపు లేని వార్నిషు వేస్తే కొత్త వేపకు యాభై ఏళ్ల వయసొస్తుంది. భుజం పటకాకు పాత స్కూలు బ్యాగు బెల్టు చాలు. తోలులా కనపడాలంటే చెప్పుల పాలిష్.

శబ్దం సంగతి? ఒకప్పుడు తెర వెనక టపాకాయ పేల్చేవారు. ఆ తర్వాత పలక మీద పలక కొట్టేవారు. ఇప్పుడు సౌండ్ బాక్సులో రికార్డు. పొగకు మాత్రం ఇప్పటికీ సాంబ్రాణిని కొట్టింది లేదు. తెర పక్కన కుర్రాడు విసనకర్రతో ఊపితే చాలు. కాల్పులు జరిగిన చోట గుడి వాసన వస్తుందని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనీయండి.

ఇలా సొంత చేతులతో అన్నీ చేసుకోవడం తెలుగు నాటకానికి అలవాటే. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాలు తెరలు, గదలు, రథాలు, మాయలు తామే తయారు చేసుకుని ఊరూరా తిప్పాయి. పల్నాడులోనూ పరిషత్తుల నాటకాలకు, తిరునాళ్ల పద్యనాటకాలకు కిరీటాలు, గదలు అద్దెకు దొరుకుతాయి. పౌరాణికానికి లోటు లేదు. 1922 నాటి పోలీసు తుపాకి అడిగితే మాత్రం అద్దె షాపు యజమాని ఏకే-47 ప్లాస్టిక్ బొమ్మ తీసి చూపిస్తాడు.

వీరుల గడ్డ మీద ఉత్తుత్తి ఆయుధం

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దిది. అప్పటికి ఈ నేల మీద తుపాకి మందు వాసనే లేదు. శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు కోటను పట్టింది 1515లో. మరో ఐదేళ్లకు రాయచూరు యుద్ధంలో ఆయన పక్షాన పోర్చుగీసు తుపాకీదారులు నిలిచారు. అంటే ఆ యుద్ధం నడిపిన బ్రహ్మనాయుడు, నాగమ్మల తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక గానీ దక్కనులో చేతి తుపాకి యుద్ధపు ఫలితాన్ని మార్చలేదు.

అయినా పల్నాడుకు ఆయుధాన్ని కళ్లకద్దుకునే అలవాటు ఉంది. ఏటా కార్తిక అమావాస్యకు కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఐదు రోజులూ యుద్ధకథను మళ్లీ నడిపిస్తారు. వీరుల ఆయుధాలకు ఇక్కడి పేరు కొణతాలు. వాటిని మోసుకుంటూ ఆచారవంతులు ఊళ్ల నుంచి వస్తారు. ఏటి నీళ్లతో కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, వీర్లగుడికి తీసుకెళ్తారు. 12వ శతాబ్దపు ఉక్కేనా అది, తర్వాత కొలిమిలో సాగదీసిందా అని అక్కడ ఎవరూ అడగరు. వీరుడి పేరు మీద నిలిచిన ఆయుధం వీరుడిదే.

మ్యూజియం వాడికి నకలు అంటే తక్కువ. వీరాచారం పాటించేవాడికి తక్కువ కాదు. బడి మాస్టారి చెక్క తుపాకి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. దానికి పూజ చేయక్కర్లేదు. అలాగని కిందపడేసి తొక్కితే పల్నాటి ముసలమ్మ ఊరుకోదు.

పక్క రాష్ట్రంలో ఇంకో ముచ్చట. ఓరుగల్లు కాకతీయుల వారసుడు అన్నమదేవుడు వెళ్లి ఏలిన బస్తరులో, జగదల్‌పూర్ రథయాత్ర సమయంలో గోంచా పండుగ జరుగుతుంది. అప్పుడు జనం చేతుల్లో 'తుప్కీ'లు కనిపిస్తాయి. వెదురు గొట్టంలో పచ్చి అడవికాయ పెట్టి పుల్లతో నెడితే 'టప్'మంటుంది. జగన్నాథుడికి ఇచ్చే గౌరవవందనం అది. తుపాకికి నకలు చేసి దేవుడికి సలాము కొట్టించిన ఘనత ఆ గిరిజనులదే. మన పిల్లలకు దొరికే మొదటి తుపాకి నకలు దీపావళి రీళ్ల తుపాకి. దాని ఘనత రీలు అయిపోయే దాకానే.

అసలుతో ఆడితే

'నకలు ఎందుకు, లైసెన్సున్న పాత తుపాకి ఒకటి అడిగి తెస్తే పోలా' అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. వాళ్లకు చెప్పాల్సిన సంగతులు రెండున్నాయి.

1993 మార్చి 31న అమెరికాలో 'ద క్రో' సినిమా తీస్తుండగా బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయాడు. అంతకు ముందు తీసిన దృశ్యంలో తూటా ముక్క ఒకటి గొట్టంలో ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత గుండు లేని ఉత్త మందు తూటా పేల్చినప్పుడు ఆ ముక్క దూసుకొచ్చింది. 2021 అక్టోబరు 21న 'రస్ట్' సినిమా సెట్టు మీద ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం పోయింది. అక్కడ ఉండకూడని అసలు తూటా రివాల్వరులోకి చేరింది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల జైలు పడింది. కోట్ల రూపాయల బడ్జెట్టు, తుపాకుల కోసమే ప్రత్యేక ఉద్యోగి ఉన్న చోటే ఇలా జరిగితే, మైకు కుర్రాడే లైట్లు కూడా చూసుకునే మన వార్షికోత్సవంలో అసలు తుపాకి ఊసే వద్దు. వేపచెక్క ఎవరినీ చంపదు. కాలి మీద పడితే బొటనవేలు వాస్తుంది, అంతే.

ఖాకీల కంట పడితే?

పల్నాడులో ఈ ప్రశ్న ఉత్తినే రాలేదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. రెండేళ్లకే, 2024 మే 13 పోలింగు రోజున, ఆ తర్వాత జరిగిన గొడవలతో జిల్లా పేరు దేశమంతా మోగింది. 144 సెక్షను పెట్టారు, ప్రత్యేక దర్యాప్తు బృందం వచ్చింది. అలాంటి రోజుల్లో రాత్రిపూట బైకు మీద పొడవాటి తుపాకి ఆకారం కనపడితే, అది నాటకం కోసమని చెప్పే లోపే చాలా జరిగిపోతుంది. చీకట్లో చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబులుకు మార్టినీకి, మామిడిచెక్కకు తేడా తెలియదు. తెలియాలని అడగడమూ న్యాయం కాదు.

చట్టం మాత్రం ఆ తేడాను బాగానే చూసింది. 1959 ఆయుధాల చట్టం 'ఆయుధం' నిర్వచనం నుంచి ఆటవస్తువుగా తప్ప ఎందుకూ పనికిరానివాటిని, పనిచేసే ఆయుధంగా మార్చడానికి వీలుకాని వాటిని మినహాయించింది. నకలు తుపాకిని అసలు తుపాకిగా మార్చడానికి లైసెన్సు కావాలని అదే చట్టంలోని 6వ సెక్షను చెబుతుంది. అంటే బొమ్మకూ ఆయుధానికీ గీత గీసేది 'మార్చగలమా, లేదా' అన్న ప్రశ్నే. మేస్త్రి గొట్టంలో దిగ్గొట్టిన చెక్కపుల్లకు ఇంత బలముంది. అచ్చు ఇనుముతో, కదిలే భాగాలతో, అసలుదానికి కవల పిల్లలా తయారుచేసే ఉత్సాహవంతులకు ఆ ధీమా ఉండదు. 2016 ఆయుధాల నియమావళి అసలును పోలిన నకళ్లను ప్రత్యేకంగా నిర్వచించింది. కాబట్టి ఆ దారిలో వెళ్లేవాళ్లు ముందుగా పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవాలి.

---

■ నకలుతో బయటికెళ్తే...

నాటకం తేదీ, స్థలం, ఎన్ని నకళ్లున్నాయో కాగితం మీద రాసి స్థానిక స్టేషనులో ఇవ్వండి. ముద్ర వేసిన ప్రతి దగ్గర ఉంచుకోండి.

తీసుకెళ్లేటప్పుడు దుప్పట్లో చుట్టి కట్టండి. దుస్తుల ట్రంకుతో పాటే వెళ్లాలి. చేతిలో పట్టుకుని బైకెక్కొద్దు.

విమానంలో చేతి సంచిలోకి బొమ్మ తుపాకిని కూడా రానివ్వరు.

బొమ్మ తుపాకితో ఎదుటివాణ్ని బెదిరించినా నేరమే. బెదిరినవాడికి అది బొమ్మని తెలియదు.

ఎన్నికల కోడ్, నిషేధాజ్ఞలు ఉన్న రోజుల్లో రిహార్సల్ నాలుగు గోడల మధ్యే.

---

రీళ్ల కాలంలో రంపం ఎందుకు?

ఫ్రిజ్ అట్టపెట్టె దొరికితే చాలు, ఫోమ్ షీటు, వేడి జిగురుతో ఒక్క రాత్రిలో సైరా నాటి తుపాకి చేసేస్తున్నారు ఇంజినీరింగ్ పిల్లలు. 2019లో 'సైరా నరసింహారెడ్డి', 2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' వచ్చాక ఈ ఊపు పెరిగింది. కళాదర్శకుడు సాబు సిరిల్ పేరు చెప్పగానే 'ఆయన సెట్టులో ఏం వాడారన్నా' అని అడిగే కుర్రాళ్లున్నారు. మంచిదే. అట్టతో చేసింది తేలిక, చవక, ఎవరికీ హాని లేదు. త్రీడీ ప్రింటరు ఉన్నవాళ్లు లివరు, మీట వంటి చిన్న భాగాలు అచ్చుపోసి తెచ్చి మేస్త్రికిస్తే ఆయనకు ఎంసీల్ ఖర్చు తగ్గుతుంది. పనిచేసే తుపాకి భాగాల నమూనాలు మాత్రం బొమ్మ కోసమైనా ముట్టుకోకూడదు. అక్కడ సరదా అయిపోయి నేరం మొదలవుతుంది.

నాకు నచ్చనిది ఇంకొకటి. ఈ వీడియోల్లో తుపాకి ఒంటరిగా ఉంటుంది. వెనక సంగీతం, నెమ్మదిగా తిరిగే కెమెరా, మెరిసే గొట్టం. పట్టుకున్న మనిషి లేడు, ఎదుట నిలబడ్డ మనిషి అంతకన్నా లేడు. బడి నాటకంలో అలా కుదరదు. పోలీసు వేషం వేసిన పిల్లవాడు గురి పెట్టగానే ఎదురుగా తన బెంచీ మీద కూర్చునే స్నేహితుడే హనుమంతుగా నిలబడి ఉంటాడు. రిహార్సల్లో మొదటిసారి గురి పెట్టమన్నప్పుడు చాలామంది పిల్లలు నవ్వేస్తారు. తర్వాత్తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఆ మార్పు ఏ వీడియోలోనూ కనపడదు.

చెక్క తుపాకికి అసలు కొలతలు కావాలనుకునేవాళ్లు సినిమా ఫొటోలు పక్కన పెట్టి హైదరాబాద్ వెళ్లడం మేలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. గాజు వెనక నుంచి కొలవడం కుదరదు గానీ, చెకుముకి కొక్కెం ఏ పక్క ఉంటుందో, పటకా కొక్కేలు ఎక్కడ బిగించారో, అరిగిన చోట లోహం ఎలా మెరుస్తుందో కళ్లారా చూడొచ్చు. మాస్టారు పదో తరగతి పిల్లలతో విహారయాత్రకు ఆ మ్యూజియాన్ని కూడా జాబితాలో చేర్చాడు. మేస్త్రి కూడా వస్తానన్నాడు, శుక్రవారం మాత్రం పెట్టొద్దన్నాడు. ఆయనకు శుక్రవారం పని ఉండదు, రావచ్చు. సెలవు మ్యూజియానికి!